ఇంజన్ ఆఖర్న

ముందే చెప్పేస్తున్నాను, నేను నర్సరీ నుంచి ఇంగ్లీష్ మీడియమే. తెలుగు చదవడం వచ్చు కానీ పేజీలకి పేజీలు రాయడం పదో తరగతి తర్వాత ఇదే మొదటిసారి. ఒత్తులు తప్పుంటే ఎడిటర్ అక్క సరిచేస్తానంది. క్లబ్ మీటింగ్‌లో "టెక్నికల్ టాపిక్స్ తెలుగులో ఎవరూ రాయట్లేదు" అని అందరూ బాధపడుతుంటే, ఏదో ఊపులో నేను ఎస్ఎస్‌డీ గురించి రాస్తానని చెయ్యెత్తేశాను. పాత లాప్‌టాప్‌లో ఎస్ఎస్‌డీ వేసి దాని నుంచి పూర్తి స్పీడ్ ఎలా రాబట్టాలి అన్నది టాపిక్. రెండు పేజీల్లో అయిపోతుందనుకున్నా. రాస్తుంటే మధ్యలో నాన్న వచ్చాడు, చీటీ వచ్చింది. వాటిని తీసేసి రాద్దామని చూశాను కానీ కుదరలేదు.

ఇంకో మాట. సాలిడ్ స్టేట్ డ్రైవ్‌ని తెలుగులో ఏమనాలి అని గ్రూప్‌లో అడిగితే ఒకరు "ఘనస్థితి చోదకం" అన్నారు. చోదకుడు అంటే డ్రైవర్ కదా, ఇదేదో ఆర్టీసీ నోటిఫికేషన్‌లా ఉందని ఇంకొకరు అన్నారు. నేను ఎస్ఎస్‌డీ అనే రాస్తాను.

నా లాప్‌టాప్ నాది కాదు, అక్కది. 2018లో అక్క బీటెక్‌లో చేరినప్పుడు నాన్న కొన్నాడు. ఐ5 ఎనిమిదో జనరేషన్, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్, పక్కన డీవీడీ డ్రైవ్ కూడా ఉండేది. అక్క ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది, ఆఫీస్ వాళ్ళ లాప్‌టాప్ ఉంది కాబట్టి ఇది నాకు వచ్చింది. ఫస్టియర్‌లో సీ ప్రోగ్రామ్‌లకి సరిపోయింది. సెకండియర్‌కి వచ్చేసరికి పవర్ బటన్ నొక్కి స్నానానికి వెళ్ళొచ్చినా ఇంకా తిరుగుతూనే ఉండేది. ఒకసారి స్టాప్‌వాచ్ పెట్టి చూస్తే డెస్క్‌టాప్ రావడానికి 2 నిమిషాల 40 సెకన్లు, ఆ తర్వాత బ్రౌజర్ తెరుచుకోవడానికి ఇంకో నిమిషం పట్టింది. క్లాసులో నా పక్కనోడు కొత్త గేమింగ్ లాప్‌టాప్ తెరిస్తే కీబోర్డ్ కింద రంగురంగుల లైట్లు వెలిగేవి. నాది తెరిస్తే లోపల ఎవరో బియ్యంలో రాళ్ళు ఏరుతున్నట్టు కటకటమని శబ్దం.

దసరా సెలవలకి మధిర వెళ్ళినప్పుడు నాన్నకి చెప్పాను, లాప్‌టాప్ పోయిందని. "స్లో అయింది" అనలేదు, "పోయింది" అన్నాను. తేడా నాకు తెలుసు.

మా నాన్నకి టూ వీలర్ మెకానిక్ షెడ్డు ఉంది. ఆయన లాప్‌టాప్‌ని చేతిలోకి తీసుకుని చెవి దగ్గర పెట్టుకున్నాడు. నాకు నవ్వొచ్చింది. "లోపల ఏదో గీరుతుందిరా, అది మారిస్తే సరిపోదా?" అన్నాడు. కాదు నాన్నా, ప్రాసెసర్ పాతది, మొత్తం మార్చాల్సిందే అన్నాను. నాన్న దగ్గరికి ఎవరైనా బండి తెచ్చి పికప్ లేదంటే ముందు ప్లగ్గు విప్పి చూస్తాడు. తర్వాత ఎయిర్ ఫిల్టర్, ఆ తర్వాత కార్బురేటర్. "ఇంజన్ ఆఖర్న చూడాలి. ముందే ఇంజన్ పోయిందనేవాడు మెకానిక్ కాదు, బ్రోకరు" అంటుంటాడు. ఆ మాట నేను చిన్నప్పటి నుంచి కొన్ని వందల సార్లు విన్నాను. అయినా ఆయన ముందు నిలబడి ఇంజన్ పోయిందని చెప్పాను, ఆయన నమ్మాడు. కంప్యూటర్ సైన్స్ చదివేది నేను కదా.

నేను చూపించిన లాప్‌టాప్ 72 వేలు. నాన్నకి బజార్లో షాపుల వాళ్ళతో కలిసి ఒక చీటీ ఉంది. లక్ష చీటీ, ఇరవై మంది, నెలకి ఐదు వేలు. షెడ్డుకి కొత్త ఎయిర్ కంప్రెసర్ కోసమని వేశాడు. చివరి నెలల్లో పాడుకుంటే పెద్దగా పోయేదేం ఉండదు. ముందే కావాలంటే పాటలో ఎక్కువ వదులుకోవాలి. "వచ్చే నెల చూద్దాంలే" అన్నాడు.

హాస్టల్‌కి తిరిగొచ్చాక మా ఫ్లోర్‌లో ఫైనలియర్ అన్న ఒకరు నా తంటాలు చూసి టాస్క్ మేనేజర్ తెరవమన్నారు. ఆయన్ని మేమందరం రూమ్ నంబర్‌తోనే పిలుస్తాం, 204 అన్న అని. ప్రాసెసర్ 7 శాతం. డిస్క్ 100 శాతం, ఎర్రగా. "నీ ప్రాసెసర్ ఖాళీగా కూర్చుని ఈగలు తోలుకుంటుంది తమ్ముడూ, డిస్క్ సరుకు పంపట్లేదు" అన్నాడు. ప్లగ్గు విప్పి చూడటం అంటే ఇదే. నాకు ఆ క్షణంలోనే అర్థమైంది.

ఇక్కడ కొంచెం లెక్క చెప్తాను, ఇది తెలిస్తే మిగతాదంతా తేలిక. నా హార్డ్ డిస్క్ నిమిషానికి 5400 సార్లు తిరుగుతుంది, అంటే సెకనుకి 90 సార్లు. ఒక చుట్టుకి 11 మిల్లీ సెకన్లు. మనకి కావలసిన డేటా హెడ్ కిందకి రావడానికి సగటున అర చుట్టు, ఐదున్నర మిల్లీ సెకన్లు పడుతుంది. అంతకుముందు హెడ్ సరైన ట్రాక్‌కి జరగాలి, దానికి పది పన్నెండు. కలిపి చూస్తే ఎక్కడెక్కడో ఉన్న చిన్న ముక్కల్ని సెకనుకి అరవై డెబ్బై, అదృష్టం బాగుంటే వంద తేగలదు. విండోస్ లేచేటప్పుడు కావలసినవి వేల కొద్దీ చిన్న చిన్న ఫైళ్ళు. ఆ బియ్యంలో రాళ్ళు ఏరే శబ్దం హెడ్ అటూ ఇటూ పరిగెత్తే శబ్దమే. పాపం దాని తప్పేం లేదు. నాన్న చెవి పెట్టి విన్నదీ అదే, "గీరుతుంది" అన్నదీ సరిగ్గా దాన్నే.

ఎస్ఎస్‌డీలో తిరిగేది ఏదీ లేదు. ఏ ముక్క ఎక్కడున్నా అందుకోవడానికి మిల్లీ సెకనులో పదో వంతు కూడా పట్టదు. మామూలు సాటా ఎస్ఎస్‌డీ కూడా సెకనుకి పదుల వేల ముక్కలు ఇవ్వగలదు. అందరూ డబ్బా మీద "550 ఎంబీ" అనే పెద్ద అంకె చూసి కొంటారు. నా దృష్టిలో అది అసలు విషయం కాదు. పెద్ద సినిమా ఫైల్‌ని ఏకబిగిన చదవడంలో హార్డ్ డిస్క్ కూడా సెకనుకి వంద ఎంబీ దాకా ఇస్తుంది. తేడా ఐదు రెట్లే. చిన్న ముక్కల దగ్గర తేడా వందల రెట్లు. మన కోడ్, మన లైబ్రరీలు, ఆ నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్, అన్నీ చిన్న ముక్కలే.

మెస్ రీఫండ్ డబ్బులు ఉన్నాయి. 3,400 పెట్టి 500 జీబీ సాటా ఎస్ఎస్‌డీ కొన్నాను. ముందు ఎన్‌వీఎంఈ కొనబోయాను, 204 అన్న ఆపాడు. అది సెకనుకి మూడు వేల ఎంబీ పైనే ఇస్తుంది, నిజమే. కానీ నా లాప్‌టాప్‌లో ఎమ్.2 స్లాట్ అసలు లేదు. స్లాట్ ఉన్నవాళ్ళు కూడా జాగ్రత్త. ఎమ్.2 అనేది ఆకారం పేరు మాత్రమే. చూడటానికి బబుల్ గమ్‌లా ఒకేలా ఉండే రెండు కార్డుల్లో ఒకటి సాటా, ఇంకోటి ఎన్‌వీఎంఈ అవ్వచ్చు. కొన్ని పాత లాప్‌టాప్‌ల స్లాట్ సాటా మాత్రమే తీసుకుంటుంది. అందులో ఎన్‌వీఎంఈ పెడితే కాలిపోదు కానీ కనబడదు కూడా. మోడల్ నంబర్‌తో సర్వీస్ మాన్యువల్ దొరుకుతుంది, కొనేముందు చదవండి. ఇంకో విషయం, హార్డ్ డిస్క్ నుంచి సాటాకి వెళ్తే ప్రాణం లేచొస్తుంది. సాటా నుంచి ఎన్‌వీఎంఈకి వెళ్తే రోజువారీ పనుల్లో అంత తెలియదు. పెద్ద వీడియోలు ఎడిట్ చేసేవాళ్ళ సంగతి వేరు.

బుధవారం రాత్రి యూఎస్‌బీ కేబుల్‌తో ఎస్ఎస్‌డీని తగిలించి క్లోనింగ్ పెట్టాను. అంటే పాత డిస్క్‌లో ఉన్నది ఉన్నట్టు కాపీ చేయడం. నాలుగు గంటలు పట్టింది. తర్వాత హార్డ్ డిస్క్ తీసి దాని చోట ఎస్ఎస్‌డీ బిగించాను. డీవీడీ డ్రైవ్ పీకేసి, ఆ ఖాళీలో 9.5 మిల్లీమీటర్ల క్యాడీ పెట్టి పాత హార్డ్ డిస్క్‌ని అందులోకి తోశాను. ఎస్ఎస్‌డీని క్యాడీలో పెట్టి హార్డ్ డిస్క్‌ని కదపకుండా వదిలేసేవాళ్ళున్నారు, స్క్రూలు విప్పే బద్ధకం. అలా చెయ్యొద్దు. కొన్ని లాప్‌టాప్‌లలో డీవీడీ వైపు ఉన్న పోర్ట్ పాత స్పీడ్‌లోనే ఉంటుంది, ఎస్ఎస్‌డీ గొంతు పిసికినట్టే.

అంతా బిగించి ఆన్ చేశా. 2 నిమిషాల 35 సెకన్లు.

మళ్ళీ ఆన్ చేశా. 2 నిమిషాల 38.

అప్పుడు నాకు ఏమనిపించిందో దాచకుండా రాస్తాను. బాధ అనిపించలేదు. లోపల ఎక్కడో సంతోషం వేసింది. చూశారా, నేను చెప్పిందే నిజం, ప్రాసెసరే పాతది, కొత్తది కొనాల్సిందే. శుక్రవారం నాన్నకి ఫోన్ చేసి "డిస్క్ కూడా మార్చి చూశాను నాన్నా, ఏం తేడా లేదు" అన్నాను. అప్పటికి అది అబద్ధం కాదు. నాన్న "సరేరా, ఆదివారం పాట ఉంది, పాడేస్తాలే" అన్నాడు. వెనక ఏదో బండి రేస్ చేస్తున్న శబ్దం.

శనివారం రాత్రి పదకొండున్నరకి రూమ్మేట్ సినిమా కాపీ చేసుకోవడానికి నా లాప్‌టాప్ అడిగాడు. ఏ డ్రైవ్‌లో ఎంత ఖాళీ ఉందో చూద్దామని డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచాను. కొత్త ఎస్ఎస్‌డీ మీద ఈ డ్రైవ్ అని ఉంది. సి డ్రైవ్ ఎక్కడుందని చూస్తే క్యాడీలో ఉన్న పాత హార్డ్ డిస్క్ మీద. మూడు రోజుల నుంచి నా విండోస్ పాత డిస్క్ నుంచే లేస్తోంది. ఎస్ఎస్‌డీ కొత్త పెళ్ళికొడుకులా ఊరికే కూర్చుని ఉంది.

ఎందుకంటే యూఈఎఫ్ఐ ఏ డిస్క్‌లో ఏ పార్టిషన్ నుంచి బూట్ అవ్వాలో తన దగ్గర ఒక చిన్న మెమరీలో రాసి పెట్టుకుంటుంది. నేను డిస్క్‌లని చోట్లు మార్చినా దాని దగ్గర పాత చిరునామానే ఉంది. అది పాత ఇంటికే వెళ్ళి తలుపు కొట్టింది, లోపల మనిషి ఉన్నాడు, తీశాడు. బయోస్‌లోకి వెళ్ళి బూట్ ఆర్డర్‌లో ఎస్ఎస్‌డీని పైకి జరిపాను. రెండు నిమిషాల పని.

19 సెకన్లు.

రూమ్మేట్ "ఒరేయ్!" అని అరిచాడు. బ్రౌజర్ నొక్కిన వేలు తీసేలోపు తెరుచుకుంది. కటకట శబ్దం లేదు. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 3 శాతం.

ఫోన్ నా పక్కనే ఉంది. నాన్న పదింటికే పడుకుంటాడు, లేపడం ఎందుకు అనుకున్నాను. పొద్దున చేద్దాం అనుకున్నాను. పాట పొద్దున పదింటికి. నేను ఏడింటికే లేచాను. టిఫిన్ చేశాను. ఎనిమిదిన్నరకి ఫోన్ చేతిలో ఉంది. తొమ్మిదింటికీ ఉంది. ఒక పక్క రంగుల లైట్ల కీబోర్డ్ కళ్ళ ముందు తిరుగుతోంది. ఇంకో పక్క, ఏం చెప్పాలి, సి డ్రైవ్ ఏదో చూసుకోవడం కూడా రాలేదని చెప్పాలా అనే సిగ్గు. ఏది ఎక్కువో ఇప్పటికీ చెప్పలేను. పది నలభైకి నాన్నే చేశాడు. "పాడేశాన్రా. పదిహేడు పోయింది, ఎనభై మూడు వస్తది. బుధవారం ఇస్తారంట." సరే నాన్నా అన్నాను.

ఆ ఆదివారం మొత్తం నేను చేసిన పనులే అసలు ఈ వ్యాసం. ఎస్ఎస్‌డీ నుంచి బెస్ట్ పర్ఫార్మెన్స్ రాబట్టడానికి ఏమేం చెయ్యాలో అన్నీ చేశాను. కానీ రాబట్టడానికి కాదు. దాంట్లో ఏదో ఒక తప్పు దొరికితే కొత్త లాప్‌టాప్ కొనడం న్యాయమే అవుతుందని వెతికాను.

ముందు క్రిస్టల్ డిస్క్ మార్క్ పెట్టాను. ఏకబిగిన చదవడం 530 ఎంబీ. సాటా 3 లైన్ 6 గిగాబిట్లు, అందులో ప్రతి 8 బిట్లకి 10 పంపాలి కాబట్టి నికరంగా 600 ఎంబీ, పైన ఇంకొంచెం ఖర్చులు. 530 అంటే వంక పెట్టడానికి లేదు. 4కే ముక్కల దగ్గర పాత డిస్క్ 0.4 ఎంబీ ఇస్తే ఇది 33 ఇచ్చింది. బయోస్‌లో సాటా మోడ్ ఏహెచ్‌సీఐ అనే ఉంది. మీది ఐడీఈ అని ఉంటే మార్చాలి, కానీ విండోస్‌ని సిద్ధం చేయకుండా నేరుగా మారిస్తే లేవకపోవచ్చు, ముందు సేఫ్ మోడ్‌కి సెట్ చేసుకుని మార్చండి.

పార్టిషన్ అలైన్‌మెంట్ చూశాను. విండోస్ ఎక్స్‌పీ కాలంలో పార్టిషన్ 63వ సెక్టార్ నుంచి మొదలయ్యేది. అలాంటి డిస్క్‌ని క్లోన్ చేస్తే మన 4కే ముక్క ఒక్కోటి ఎస్ఎస్‌డీ పేజీల మధ్య గీత మీద కూర్చుంటుంది, ఒక పనికి రెండు పనులు. విస్టా నుంచి 1 ఎంబీ దగ్గర మొదలవుతుంది, 4కేతో సరిగ్గా భాగం పోతుంది. నాది 2018 లాప్‌టాప్ కాబట్టి సరిగ్గానే ఉంది. అక్కడా తప్పు దొరకలేదు.

మధ్యాహ్నం మూడింటికి దొరికింది. సినిమాలు, అక్క ఫోటోలు, నా ఆండ్రాయిడ్ ప్రాజెక్టులు, అన్నీ ఎస్ఎస్‌డీలోకే తోస్తున్నాను. కాపీ మొదట్లో వేగంగానే పరిగెత్తింది. కాసేపటికి దబ్బున 70కి పడిపోయింది. డ్రైవ్ 96 శాతం నిండింది. అప్పుడు ఏదైనా సేవ్ చేస్తే కూడా ఆగి ఆగి చేస్తోంది. చూశావా అనుకున్నాను! గబగబా స్క్రీన్‌షాట్ కూడా తీశాను. నాన్నకి చూపించడానికా? ఆయనకి అర్థం కాదు. నాకు నేను చూపించుకోవడానికే.

204 అన్న దగ్గరికి తీసుకెళ్తే ఆయన నా ల్యాబ్ రికార్డ్ తీసుకున్నాడు. "దీంట్లో పెన్నుతోనే రాయాలి, అవునా? కొత్త పేజీలో రాయడం ఈజీ. రాసిన పేజీ చెరపడం కుదరదు. చెరపాలంటే ఏం చేస్తావ్? బాగున్న పేజీలన్నీ ఇంకో రికార్డ్‌లోకి దించి, పాత రికార్డ్ మొత్తం పారేస్తావ్." ఎస్ఎస్‌డీ లోపల ఉన్న న్యాండ్ ఫ్లాష్ పద్ధతి అదే. రాయడం పేజీల లెక్కన, కొన్ని కేబీలు. చెరపడం మాత్రం బ్లాక్ మొత్తం, కొన్ని ఎంబీలు. అందుకే దాని పేరు కూడా ఫ్లాష్. 1980ల్లో తోషిబాలో ఫుజియో మసుఒకా దీన్ని కనిపెట్టినప్పుడు, ఒక్కసారిగా మొత్తం చెరిగిపోవడం కెమెరా ఫ్లాష్‌లా ఉందని ఆయన సహోద్యోగి ఆ పేరు పెట్టాడు. ఖాళీ రికార్డులు చేతిలో ఉన్నంతసేపు దించడం సులువు. డ్రైవ్‌ని పీకల దాకా నింపేస్తే దించడానికి చోటు ఉండదు, మనం ఒక పేజీ రాయమంటే అది లోపల పది పేజీలు తిరగరాయాలి. అందుకే ఐదో వంతు కాకపోయినా కనీసం 15 శాతం ఎప్పుడూ ఖాళీగా ఉంచాలి. మొదట్లో వేగంగా రావడానికి కారణం వేరే. ఒక్కో సెల్‌లో మూడు బిట్లు జాగ్రత్తగా ఇరికించడం నెమ్మది పని. అందుకని కొంత భాగంలో ముందు సెల్‌కి ఒక్క బిట్ చొప్పున గబగబా రాసేసి, తీరిగ్గా ఉన్నప్పుడు సర్దుకుంటుంది. హడావిడిలో రఫ్ నోట్స్ రాసుకుని రాత్రికి ఫెయిర్ చేసినట్టు. ఆ రఫ్ నోట్స్ నిండిపోయాక అసలు వేగం బయటపడుతుంది. సినిమాలు తీసి హార్డ్ డిస్క్‌లో పెట్టేశాను, గంట సేపు ఊరికే వదిలేశాను. మళ్ళీ మామూలైంది.

ట్రిమ్ కూడా అప్పుడే చూశాను. మనం ఫైల్ డిలీట్ చేస్తే విండోస్ తన పుస్తకంలో పేరు కొట్టేస్తుంది అంతే, ఎస్ఎస్‌డీకి ఆ సంగతి తెలియదు. చచ్చిన పేజీలని కూడా పాపం కొత్త రికార్డ్‌లోకి దించుతూనే ఉంటుంది. "ఈ పేజీలు ఇక అక్కర్లేదు" అని చెప్పడమే ట్రిమ్. విండోస్ 7 నుంచి ఉంది. అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఎఫ్ఎస్‌యుటిల్ బిహేవియర్ క్వెరీ డిజేబుల్‌డిలీట్‌నోటిఫై అని కొడితే 0 రావాలి. డిజేబుల్ సున్నా అంటే ఆన్‌లో ఉన్నట్టు, ఇలా తిరకాసుగా ఎందుకు పెట్టారో. లినక్స్ వాళ్ళకి ఎఫ్ఎస్‌ట్రిమ్ టైమర్ వారానికోసారి అదే పని చేస్తుంది. దీనికి ఒక వెల ఉంది. ట్రిమ్ అయిన ఫైల్‌ని రికవరీ సాఫ్ట్‌వేర్‌లు వెనక్కి తేలేవు. హార్డ్ డిస్క్ మనం చెరిపింది కూడా చాలా రోజులు గుర్తు పెట్టుకుంటుంది, ఎస్ఎస్‌డీ పెట్టుకోదు. అక్క ఫోటోలు రెండు చోట్లా ఉంచాను.

మిగతావి త్వరగా చెప్తాను. స్పీడ్ బూస్టర్ అని వచ్చే సాఫ్ట్‌వేర్‌లు తీసేయండి, ముఖ్యంగా డీఫ్రాగ్ చేసేవి. తిరిగే డిస్క్‌కి డీఫ్రాగ్ అవసరం, ఎస్ఎస్‌డీకి అది ఊరికే అరుగుదల. విండోస్‌లో ఉండే ఆప్టిమైజ్ డ్రైవ్స్ మాత్రం ఎస్ఎస్‌డీని గుర్తుపట్టి ట్రిమ్ పంపిస్తుంది, దాన్ని ఆపొద్దు. పేజ్ ఫైల్ తీసేయండి, అది ఆపండి, ఇది ఆపండి అని పాత సలహాలు తిరుగుతుంటాయి, ఎస్ఎస్‌డీ అరిగిపోతుందనే భయంతో చెప్పినవి. నా డ్రైవ్‌కి రాత హామీ 300 టెరాబైట్లు. రోజుకి 20 జీబీ రాసినా పదిహేను వేల రోజులు, నలభై ఏళ్ళు. అప్పటికి నేను రిటైర్మెంట్‌కి దగ్గర్లో ఉంటా. 204 అన్న పాత లాప్‌టాప్‌లోంచి ఒక 4 జీబీ ర్యామ్ స్టిక్ ఇచ్చాడు, అది వేశాక నిజమైన తేడా తెలిసింది. 4 జీబీతో విండోస్ ఎప్పుడూ ఇరుకులోనే ఉంటుంది, ఎస్ఎస్‌డీ ఆ ఇరుకుని దాచగలదు కానీ తీర్చలేదు. ఆఖరికి క్లోన్ చేసిన విండోస్‌ని కూడా తీసేసి విండోస్ 11 కొత్తగా వేసుకున్నాను. 14 అక్టోబర్ 2025తో విండోస్ 10 సపోర్ట్ అయిపోయింది ఎలాగూ. అక్క ఏడేళ్ళ చెత్తని కాపీ చేసుకుని మోయడం దేనికి? బూట్ 19 నుంచి 13కి వచ్చింది. వేసేముందు డిస్క్‌లో ఉన్నది వేరేచోట కాపీ తీసుకోండి, హార్డ్ డిస్క్ క్యాడీని విప్పి పక్కన పెట్టండి. అప్పుడు పొరపాటున తప్పు డిస్క్‌ని ఫార్మాట్ చేసే ప్రమాదం ఉండదు, బూట్ చిరునామా కూడా ఎస్ఎస్‌డీ మీదే పడుతుంది. నేను ఈ ఒక్క పని మొదటి రోజే చేసి ఉంటే, క్యాడీ విప్పి ఉంటే, బుధవారం రాత్రే తెలిసిపోయేది.

ఆదివారం రాత్రికి దాంట్లో వంక పెట్టడానికి ఏమీ మిగల్లేదు.

మంగళవారం నాన్నకి ఫోన్ చేశాను. "కొత్తది వద్దు నాన్నా. పాతదే బాగైంది. సెట్టింగ్ ఒకటి తప్పుంది, ఇవాళే తెలిసింది" అన్నాను. ఇవాళే అన్నాను. అటువైపు కాసేపు మాట లేదు. పదిహేడు వేలు అంటాడేమో అనుకున్నా. నాన్న పెద్దగా నవ్వాడు. "నేను చెప్పలా? గీరుతుంది అన్నానా లేదా? ఇంజన్ ఆఖర్న చూడాల్రా!" అన్నాడు. షెడ్డులో పక్కన ఉన్నవాళ్ళకి కూడా చెప్తున్నాడు, మావాడు వాడే విప్పి వాడే బాగు చేసుకున్నాడంట, డెబ్బై వేలు మిగిల్చాడంట అని. డబ్బుల సంగతేంటి నాన్నా అంటే, "కంప్రెసర్ ఎట్లాగూ కొనాలి కదా, ఇప్పుడే కొంటా. పోయిన పదిహేడు పోయింది, మనకేం తెలుసు" అన్నాడు.

మనకేం తెలుసు అన్నాడు. నాకు శనివారం పదకొండున్నరకే తెలుసు.

కంప్రెసర్ వచ్చేసింది. ఎర్ర రంగుది, ఫోటో పెట్టాడు. తన ఫోన్ కూడా స్లో అయిందంట, దాంట్లో కూడా ఆ డిస్క్ వేస్తావా అని అడిగాడు. ఫోన్‌లో ముందే ఫ్లాష్ మెమరీ ఉంటుంది నాన్నా, నీది నిండిపోయి ఉంటుంది, గుడ్ మార్నింగ్ ఫోటోలు తీసేస్తే చాలు అన్నాను. తీశాడంట, బాగైందంట. ఇప్పుడు బజార్లో ఇద్దరు ముగ్గురు వాళ్ళ పిల్లల లాప్‌టాప్‌లు మావాడు వస్తే చూస్తాడని ఆయనకి ఇచ్చి పెట్టారంట. అందరికీ మాటిచ్చేశాడు.

నాన్న ఈ పత్రిక చదవడు. అక్క చదువుతుంది, ప్రతి సంచిక లింకు నేనే పంపుతాను. పంపకపోయినా క్లబ్ పేజీలో చూస్తుంది. అక్కకి తెలిస్తే నాన్నకి తెలియడానికి ఎస్ఎస్‌డీ అంత టైమ్ కూడా పట్టదు. సంచిక సోమవారం వస్తుందని ఎడిటర్ అక్క చెప్పింది. శనివారం పొద్దున రైలుకి టికెట్ తీసుకున్నాను. స్క్రూడ్రైవర్ సెట్ బ్యాగ్‌లో పెట్టుకున్నాను, ఆ లాప్‌టాప్‌లు కూడా చూడాలి కదా.